మెచ్చుకుంటే మానేసే బావ

మా బావ అప్పలసూరిని ఎంతైనా తిట్టండి, ఉద్యోగం చేస్తాడు. బాగా చేశావని ఒక్కసారి మెచ్చుకున్నారా, ఆ పూటే మానేస్తాడు.

బావ డిజైనరు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, అమ్మవారి పండగలో పులివేషగాళ్ల ఒంటి మీద చారలు, ఏదైనా గీస్తాడు. అడిగితే ఫ్రీలాన్సర్‌నంటాడు. ఆ మాటకి అర్థం పనిలేనివాడని మా అక్క కుమారి ఊరంతటికీ చెప్పింది. మొగుడు పొద్దున్నే క్యారేజీ పట్టుకెళ్లాలి, ఎవరైనా అడిగితే ఫలానా చోట పర్మనెంటని చెప్పుకోవాలి. ఇంతకు మించి ఆవిడ దేవుణ్ణి ఏమీ అడగలేదు. దేవుడు ఊరుకున్నాడు, ఉద్యోగాలు వెతికే పని నా మెడకి చుట్టుకుంది.

పాతపట్నంలో ఫ్లెక్సీ షాపులో పెట్టించాను. ఓనరు ఓ రోజు బోర్డు చూసి అదిరిందన్నాడట. మధ్యాహ్నానికి బావ ఇంట్లో ఉన్నాడు. ఏమంటే, అక్కడి కుర్చీ గిరగిరా తిరుగుతుందట, అందులో కూర్చుంటే తనెటు పోతున్నాడో తెలియడం లేదట. కొత్తవలస ప్రెస్సులో చేర్పించాను. అక్కడి ఓనరు ఏకంగా శాలువా కప్పాడు. ఆ సాయంత్రమే రైలెక్కి వచ్చేశాడు. ఏసీకి చలేస్తోందట. శాలువా ఏదంటే రైల్లో మర్చిపోయానన్నాడు.

ఇంకో పిచ్చి కూడా ఉంది. ఎక్కడ చేరినా వెంట ఎవరో ఒక పెద్దాయన్ని తీసుకెళ్తాడు. ఎందుకంటే టీ తేవడానికంటాడు. ఆ వయసు మనిషి టీ మోయడమేమిటని అడగబోయి ఊరుకున్నాను. ఒక్కో పిచ్చికి ఒక్కో మందు నేనెక్కణ్ణుంచి తేను.

మూడోది విజయనగరంలో ఫ్లెక్సీ షాపు. ఇదీ పోతే ఇక ఈ ఇంట్లో పొయ్యి వెలిగించనని అక్క ముందే చెప్పేసింది. నేను ఓనరు నరసింగరావు గారికి చేతులు జోడించి, ఏం చేసినా మెచ్చుకోవద్దని బతిమాలుకున్నాను. ఆయన పాపం మాట నిలబెట్టుకున్నారు. దేవుడి బొమ్మ వేసినా దరిద్రంగా ఉందనేవారు, లోపలికెళ్లి లెంపలేసుకునేవారు. బావ బుద్ధిగా క్యారేజీ పట్టుకెళ్లాడు. అక్క అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకుంది.

పైడితల్లమ్మ పండగొచ్చింది. కూడలిలో కట్టిన అమ్మవారి బోర్డు ముందు జనం బళ్లు ఆపి దణ్ణాలు పెట్టారు. నరసింగరావు గారికి ఇక నోరు ఆగలేదు. అమ్మవారు పలికేలా ఉందయ్యా అనేశారు. బావ క్యారేజీ తీసుకుని, నమస్కారం పెట్టి వచ్చేశాడు. ఆ రాత్రి మా అక్క ఇంట్లో అందరూ అరటిపళ్లు తిని పడుకున్నారు.

నరసింగరావు గారికి క్షమాపణ చెప్పుకుందామని మర్నాడు షాపుకి వెళ్లాను. బావ కుర్చీలో, కళ్లజోడు ముక్కు మీదకి జార్చుకుని, టీ తెచ్చే పెద్దాయన కూర్చున్నాడు. పేరు చినబాబు. ఒకప్పుడు జిల్లాలో సగం షాపులకి కుంచెతో బోర్డులు రాసిన మనిషి. ఫ్లెక్సీలొచ్చాక కుంచె మూలపడింది. కంప్యూటర్ రాదని ఏ ఓనరూ గుమ్మం ఎక్కనివ్వలేదు.

"అమ్మోరి బొమ్మ నాదే బాబూ," అన్నాడు చినబాబు. "మీ బావ పక్కన కూకోబెట్టి నేర్పినాడు. ఓనరు మెచ్చుకున్న దినమే నీ పరీచ్చ అయిపోతాది, ఆ కుర్సీ నీదే అన్నాడు."

నరసింగరావు గారు తలూపారు. ఆ బోర్డు తనది కాదని, ఈయనదని బావ పోతూ పోతూ చెప్పాడట. పాతపట్నానికి, కొత్తవలసకి ఫోన్ చేశాను. అక్కడా టీ తెచ్చినవాళ్లే కుర్చీల్లో ఉన్నారు. కొత్తవలసాయన ఏసీ చలికి శాలువా కప్పుకుంటున్నాడట. నాకు బావ మీద ఎంత కోపమొచ్చిందో అంత ముద్దూ వచ్చింది.

ఇంటికెళ్లి అక్క ఎదుటే నిలదీశాను.

"ముందే సెప్తే నువ్వు ఉజ్జోగం సూస్తావేటి?" అన్నాడు బావ. "నాకు ఊరంతా పనే. ఆళ్లకి ఆ కుర్సీ ఒక్కటే ఉన్నాది."

అక్క లేచి పొయ్యి వెలిగించింది. అన్నం పెట్టి, చారు పోస్తూ అంది.

"మా లక్ష్మణమ్మ పిన్ని మొగుడు కూడా బోర్డులు రాసినోడే. ఖాళీగా ఉన్నాడు. ఈపాలి ఎక్కడ సేరతావు?"

బావ నా వైపు చూశాడు. నేను మళ్లీ వెతుకుతున్నాను. ఈసారి ఓనరుతో చెప్పాల్సింది ఒకటే, కాస్త తొందరగా మెచ్చుకోమని. చిన్నాన్నకి మోకాళ్ల నొప్పులు, టీ ఎన్నాళ్లని మోస్తాడు.