పురుగుమందు డబ్బా

పొందూరు నుంచి శ్రీకాకుళం వెళ్తున్న బస్సులో నేను ఫోన్‌లో అరుస్తున్నాను. కోపమంతా మా వీధి చివర గుడిసెలు వేసుకున్న కూలీల మీద.

"వాళ్ళు మనుషులేటి, చీడపురుగులు. మందు కొట్టాల్సిందే."

కాలేజీలో అలంకారాలు చెప్పేవాణ్ణి. పోలిక బాగా కుదిరిందనిపించి రెండోసారి ఇంకా గట్టిగా అన్నాను.

ఫోన్ పెట్టేశాక, పక్క సీట్లోని రైతు పెద్దాయన తన సంచిలోంచి పురుగుమందు డబ్బా తీసి నా ఒళ్ళో పెట్టాడు. దాని మీంచి చెయ్యి తీయలేదు.

"పురుగైతే మేం గుడ్లు కూడా వదలం బాబూ. ఆళ్ళకి పిల్లలున్నారేటి?"

ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు. ఆయన దిగేదాకా డబ్బా నా ఒళ్ళోనే ఉంది.

ఇద్దరున్నారు. రోజూ పొద్దున్నే మా కుళాయి దగ్గర బిందె నింపుకుని, నాకు నమస్తే పెట్టి వెళ్తారు.