పొడుగుకాళ్ల ఈగకు కాళ్లెన్ని?

ఈ వానాకాలం కోదాడలో మా బావకు డెంగీ వచ్చి తగ్గింది. తగ్గిన వారానికే ఆయన కన్ను స్నానాలగది గోడ మీద పడింది. అక్కడ పొడుగాటి కాళ్లు చాపుకొని పెద్ద దోమల్లాంటివి వాలి ఉన్నాయి. పెరట్లో అక్క పెంచే తోటకూర మడిలోంచే వస్తున్నాయని తేల్చి, మడి మీద సిమెంటు పోయించడానికి సోమవారానికి మేస్త్రీని పిలిచాడు.

అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, వచ్చి సూడు. గవి దోమలో కావో చెప్పు. లేకుంటే నా మడి ఖతమైతది."

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో బియ్యం నమూనాలు చూసి నూక శాతం లెక్కగడతాను. పురుగుల చదువు చదవలేదు. భూతద్దం, నోట్‌బుక్ పట్టుకొని ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను.

గోడ మీద పదకొండు ఉన్నాయి. కాళ్లు లెక్కపెట్టాను. ఆరు కాళ్లవి నాలుగు, ఐదు కాళ్లవి ఐదు, నాలుగు కాళ్లవి రెండు. "మూడు రకాలు" అన్నాను.

"నా ఇంట్లో మూడు రకాల దోమలా! మేస్త్రీని ఇవాళే రమ్మంటా," అన్నాడు బావ.

"నిన్ను పిలుసుడే నా తప్పు," అంది అక్క.

దగ్గరగా చూద్దామని ఒకదాన్ని కాలు పట్టి తీశాను. అది ఎగిరిపోయింది, కాలు నా వేళ్ల మధ్య మిగిలింది. ఆరు కాళ్లది నా కళ్లముందే ఐదు కాళ్లదైంది. విరిగిన గింజను వేరే రకం బియ్యమని మిల్లులో ఏనాడూ రాయని నేను, ఇక్కడ అదే పొరపాటు చేశాను. రాసింది కొట్టేసి, విరగనివాటిని చూశాను. అన్నిటికీ వీపు మీద ఇంగ్లిషు 'V'లా కలిసే రెండు ఏటవాలు గీతలు. మూతికి కుట్టే సూది లేదు.

"మరి తోక చివర ఆ సూదేంటయ్యా?" అన్నాడు బావ.

మిగిలిన పదింటిలో ఆరింటికే ఆ మొన ఉంది. ఫోన్‌లో వెతికాను. వీపు గీతలను బట్టి ఇవి దోమలు కావు, కుట్టని పొడుగుకాళ్ల ఈగలు; మొన ఉన్నవి ఆడవి, తడిమట్టిలో గుడ్లు దించడానికే ఆ మొన. మడి తవ్వితే కుళ్లిన ఆకుల మధ్య బూడిదరంగు పిల్లపురుగులు దొరికాయి. కొన్ని రకాలు మొక్కల వేళ్లు కొరుకుతాయని చదివి, నాలుగు పీకి చూశాను. వేళ్లు బాగానే ఉన్నాయి.

"సాలు తమ్మీ! మేస్త్రీ అక్కర్లేకుండ నువ్వే మడి ఖతం జేస్తవ్."

డెంగీ దోమ పెరిగేది మట్టిలో కాదు, నిలవనీటిలో. ఇంట్లో నీళ్లు నిలిచినవన్నీ చూసుకుంటూ బావ మంచం పక్కనున్న కూలర్ దాకా వచ్చాను. ఎండాకాలం నీళ్లు ఇంకా అడుగున ఉన్నాయి. టార్చి వేస్తే దోమపిల్లలు తలకిందులుగా వేలాడుతూ కనిపించాయి. నలభై దాటాక లెక్క వదిలేశాను.

"తలాపున పెట్టుకొని పడుకున్నానా!" అన్నాడు బావ. నీళ్లు ఆయనే పారబోశాడు. మేస్త్రీకి రావద్దని ఆయనే ఫోన్ చేశాడు.

ఆ ఈగలు ఏ రకమో నాకింకా తెలియదు. ఎన్ని కాళ్లు పోయేదాకా బతుకుతాయో కూడా తెలియదు. ఆ లెక్క ఇప్పుడు అక్క చూస్తోంది. "ఇయ్యాల ఏడున్నయ్ తమ్మీ. ఒకదానికి మూడే కాళ్లు. అయినా ఎగురుతున్నది," అని నిన్న చెప్పింది.