బొట్టు పెట్టుకొని పుట్టిన తాబేలు

మా ఆయన సినిమాలకు బట్టలు కుడతడు. ఒక సినిమా పూజ నాడు ఎవరో పెద్ద సారు గాజు గిన్నెల పిల్ల తాబేలును పెట్టి ఇచ్చిండట. రూపాయి బిళ్ళంత ఉండె. "ఇంట్ల ఉంటే కలిసొస్తదట" అనుకుంట, మా ఫిల్మ్‌నగర్ గుట్ట మెట్లన్నీ గిన్నె తొణకకుండ ఎక్కి తెచ్చిండు. చూస్తే చెవుల కాడ రెండు దిక్కుల ఎర్రటి చార! నేను మురిసిపోయిన. బొట్టు పెట్టుకొనే పుట్టింది, లచ్చిమి తల్లే నడిచొచ్చింది అనుకున్న. ప్రతి శుక్రవారం హారతి పట్టిన. అది తినేదేమో అనుకొని కర్పూరం దిక్కు మెడ చాపేది.

లచ్చిమి తిండి గిట్ల గట్ల కాదు. గిన్నె పోయి బకెట్ వచ్చె, బకెట్ పోయి బట్టల టబ్బు వచ్చె. అన్నం పళ్ళెమంత అయింది. ఇగ మేం బట్టలు దేంట్ల నానబెట్టాలె? "మంచిరోజు చూసి షేక్‌పేట కుంటల ఇడుద్దాం, పుణ్యం వస్తది" అన్నడు మా ఆయన. తొలి ఏకాదశి నాడు ఆటో పిలిచిండు, నాతోని పేలపిండి చేయించిండు, గల్లీ అంత చెప్పిండు.

టబ్బు గడప దాటంగనే పైవాటాల టీచరమ్మ మెట్లు దిగొచ్చింది. కోస్తా ఆమె, కొత్తగ కిరాయికి దిగింది.

"అన్నయ్యగారూ, దీన్ని ఎక్కడికండీ?"

"కుంటకమ్మా. సాగనంపుతున్నం."

"అయ్యో, వద్దండీ! ఆ ఎర్ర చార ఉందంటే అది మన తాబేలు కాదు. బయటి దేశాల జాతి. కుంటలో పడిందంటే మనవాటి తిండి తినేస్తుంది, అవి ఎండ కాచుకునే రాళ్ళూ లాగేసుకుంటుంది."

మా ఆయనకు రోషమొచ్చింది. "బొట్టు పెట్టుకున్నదాన్ని పట్టుకొని దొంగంటవేందమ్మా!"

"ఆ బొట్టేనండీ దొంగ గుర్తు!" అని ఆమె నవ్వింది.

నేను మాత్రం ఆమె మాటకు ఆగిన. నేను షేక్‌పేటల పుట్టిన. ఆ కుంట తాబేళ్ళు నాకు ఎరుకే. చిన్నప్పుడు ఎత్తితే వెనక కాళ్ళు లోపలికి గుంజుకొని, మెత్తటి తోలు రెక్కలతోని తలుపు ఏసుకునేటివి. మొన్న వానలకు గూడ నడిమిట్ల బండ మీద ఒకటి కనవడ్డది. ఆ కుంటల ఉన్నదే ఒక్క బండ. మాది పోయి దాని మీద కూసుంటే, పాపం అది ఏడికి పోవాలె?

లచ్చిమిని ఎత్తి చూసిన. తలుపు లేదు, ఏం లేదు. గోళ్ళతోని నా చీర గీరుతున్నది.

"నిజమే, ఇది మనది కాదయ్యా. ఇడువద్దు" అన్న.

"మరి పేలపిండి? గల్లీ అంత చెప్పిన గదనే!"

అప్పటికే ఆటో అతను హారన్ మీద హారన్ కొడుతున్నడు. "అన్నా, తాబేలు ఎక్కుతదా, మీరు ఎక్కుతరా? జర జల్ది చెప్పుండ్రి!"

లచ్చిమిని లోపల పెట్టి మేమే ఎక్కినం, టీచరమ్మ గూడ. కుంట ఒడ్డున కూసోని పేలపిండి తిన్నం. కొంచెంసేపటికి నీళ్ళ నుంచి మన తాబేలు లేచి, మెల్లగ బండెక్కి, ఎండకు మెడ చాపింది. మా ఆయన చేతులు దులుపుకొని దండం పెట్టిండు. "నీ బండ నీకే తల్లీ, ఫికర్ చేయకు" అన్నడు.

వాపసు వచ్చేటప్పుడు బట్టలు నానబెట్టనీకి కొత్త టబ్బు కొన్నం.