గాలిని నమ్మని మామయ్యగారు

మామయ్యగారు పోయారని మా ఆయన ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు నాకు వెంటనే ఏడుపు రాలేదు. "ఎవరు చెప్పినారు? నువ్వు చూసినావా?" అని అడిగాను. "చూసినాను. పక్కనే ఉండాను" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. ఆ రెండు ప్రశ్నలూ మామయ్యగారివి. ఆయన కోడలిగా ఉన్న ఇన్నేళ్ళలో అవి నాకెప్పుడు అంటుకున్నాయో తెలియదు.

ఆయన కావలిలో ఒక మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పాలు కాచేముందు వాసన చూసేవారు. ఎవరైనా ఊరికే నవ్వితే జేబు తడుముకునేవారు. చర్చిలో పాస్టరుగారు వాక్యం చదువుతుంటే తన బైబిలు తెరిచి, ఆ మాట నిజంగా అక్కడే ఉందో లేదో వేలు పెట్టి చూసుకునేవారు.

నేను పెళ్ళికి ముందు తమిళనాడు తీరంలో కైట్ సర్ఫింగ్ నేర్చుకున్నాను. నడుముకు పట్టీ, కాళ్ళ కింద పలక, పొడవాటి తాళ్ళ చివర ఆకాశంలో మనిషికంటే పెద్ద గాలిపటం. గాలి లాగితే నీళ్ళ మీద దూసుకుపోవడమే. నెల్లూరు తీరంలో కూడా దీనికి తగిన చోటు వెతికి నలుగురికి నేర్పాలని నా కోరిక. ఆ మాట భోజనాల దగ్గర చెప్తే మామయ్యగారు వద్దనలేదు. "చోటు చూసేదానికి నేనూ వస్తా" అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి నాకే అనుమానం వచ్చింది.

నాకు కావలసింది సముద్రం మీద నుంచి ఏటవాలుగా ఒడ్డుకు వీచే గాలి, వెడల్పాటి ఇసుక. దగ్గర్లో కరెంటు తీగలు, సరుగుడు తోటలు ఉండకూడదు. చెట్లు అడ్డుంటే గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది, ఉన్నట్టుండి గుంజుతుంది. ముందుగా దొరవారిసత్రం వైపు పులికాట్ సరస్సు చూడ్డానికి వెళ్ళాం. కనుచూపు మేర మోకాలి లోతు నీళ్ళు, అల అన్నది లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన ఒడ్డున దొరికిన కర్రను నీళ్ళలోకి దించారు. సగం కర్ర బురదలోకి దిగిపోయింది. "నీళ్ళు మోకాలి లోతే. అడుసు ఎంత లోతో ఎవురికి తెలుసు?" అన్నారు. పైగా అది పక్షుల కోసం కాపాడుతున్న చోటు. గాలిపటాలతో వాటిని బెదరగొట్టడం నాకూ ఇష్టం లేదు. వెనక్కొచ్చేశాం.

తర్వాత బోగోలు వైపు తీరం. మొదటి పల్లెలో వల బాగుచేసుకుంటున్న ఒకాయన నన్ను చూసి, "లోపల సుడి ఉండాదమ్మా. పెద్దోళ్ళే దిగరు" అన్నాడు. కొన్నాళ్ళకు రెండో పల్లెకు వెళ్తే అక్కడ ఇంకొకాయన, "లోపల సుడి ఉండాదమ్మా. పెద్దోళ్ళే దిగరు" అన్నాడు. ఒక్క అక్షరం తేడా లేదు.

"ఎవరన్నా ఇట్టా చెప్పమన్నారా, అన్నా?" అని అడిగాను.

ఆయన చూపు నా వెనక, కారు దగ్గర నిలబడి మేఘాలను పరీక్షిస్తున్న మామయ్యగారి మీదికి పోయింది.

నేరుగా వెళ్ళి నిలదీశాను. "మామయ్యా, వీళ్ళ చేత మీరే చెప్పించినారా?"

"చెప్పించినాను."

"వద్దని నాతోనే అనొచ్చు కదా?"

"నేను చెప్తే వింటావా?"

"వినను."

"అందుకే."

ఒళ్ళు మండి ఇసుకలో కూలబడ్డాను. కాసేపటికి ఆయనా వచ్చి పక్కన కూర్చున్నారు. "అమ్మాయ్, నాకు ఈత రాదు" అన్నారు. ఎంతమంది పిల్లలకో ఆటలు నేర్పిన మనిషి. ఆ సంగతి అత్తయ్యకు తప్ప ఎవరికీ తెలియదట. "నీకేదన్నా అయితే నేను ఒడ్డున నిలబడి అరవాల, అంతే. నీళ్ళలోకి వచ్చి నిన్ను పట్టుకోలేను. ఆ గాలే నిన్ను తెచ్చి నా ముందర పెట్టాల. అట్టాంటి చోటు చూపించు, నోరు మూసుకుంటా."

నాకు నేర్పినవాళ్ళు చెప్పిన మొదటి పాఠమూ అదే. అంతా చెడిపోయినా గాలి మనిషిని ఒడ్డుకే తోయాలి. కానీ నా కోసం ఒకరు పడే భయంగా ఆ మాట వినడం అదే మొదటిసారి.

ఆ రోజుల్లోనే ఒక రిసార్టు యజమాని మమ్మల్ని పిలిచాడు. ఆయన స్థలం ఒక కాలువ సముద్రంలో కలిసే మొగ దగ్గర. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. "ఇక్కడే పెట్టేయండి మేడమ్, ఇంతకంటే మంచి చోటు దొరకదు" అన్నాడు. మామయ్యగారు నా చెవిలో, "ఈయన బూట్లకు ఇసక లేదు, చూసినావా? సముద్రం పక్కనే ఉంటా ఒక్కసారన్నా ఒడ్డుకు దిగడా?" అన్నారు.

పొద్దున పడమటి గాలి వీస్తోంది. అది సముద్రంలోకి తోసుకుపోయే గాలి, దిగకూడదు. మధ్యాహ్నం దాటాక గాలి తిరిగి, సముద్రం వైపు నుంచి వచ్చింది. దిగాను. అంత నున్నటి నీళ్ళ మీద నేనెప్పుడూ సాగలేదు. ఒడ్డుకు రాగానే యజమాని తొందరపెట్టాడు. "టీ తాగి బయల్దేరండి, పొద్దుపోతే రోడ్డు బాగుండదు." మామయ్యగారు టీ తాగారు. ఇంకో టీ అడిగారు. చేతులు వెనక్కు కట్టుకుని నీళ్ళకేసి చూస్తూ కదల్లేదు.

"పోదాం మామయ్యా" అన్నాను.

"మనల్ని ఎందుకు పంపించాలనుకుంటాండాడో తెలుసుకుని పోదాం."

పాటు మొదలై నీళ్ళు తగ్గసాగాయి. ముందు ఒక నల్లటి మొన కనిపించింది. నీటికాకి అనుకున్నాను. దాని పక్కన ఇంకొకటి. తర్వాత వరసగా విరిగిన ఇనప గొట్టాలు. ఎప్పుడో రొయ్యపిల్లల హేచరీకి సముద్రపు నీళ్ళు తోడడానికి వేసి, అది మూతపడ్డాక వదిలేసినవి. నేను అంతసేపూ అటూ ఇటూ తిరిగింది వాటి మీదే.

"ఇవి ఉండాయని మీకు తెలుసు గదా?" అని అడిగారు మామయ్యగారు, గొంతు పెంచకుండా.

"తీయించేద్దామనే అనుకుంటున్నాం సార్, రేపో ఎల్లుండో..."

"ఆ పిల్ల దిగింది ఈరోజు గదా."

కారు హైవే ఎక్కాక, "గొట్టాలుంటాయని నేనూ అనుకోలా. ఆయన తొందరే నచ్చలా" అన్నారు.

చివరికి బోగోలు దగ్గరే, లేని సుడిని ఆయన పుట్టించిన ఆ రెండో పల్లె ఒడ్డునే ఖాయం చేసుకున్నాం. పోటులో చూశాం, పాటులో చూశాం, వేర్వేరు నెలల్లో వచ్చి చూశాం. ఆయన నోటి నుంచి బాగుందన్న మాట మాత్రం రాలేదు. "ఇప్పటికి పర్వాలేదు" అన్నారు. నా దగ్గర నేర్చుకునేవాళ్ళకు నేనిచ్చే పెద్ద మెప్పు కూడా ఇప్పుడదే.

ఆయన అనుమానాలన్నీ నిజమయ్యాయని చెప్పను. ఆ ఒడ్డున టీ అమ్మే అక్క నీళ్ళలోనే కాసిని పాలు కలుపుతుందని కడదాకా నమ్మారు, రోజూ అక్కడే తాగారు. ఆయన పోయాక సమాధుల తోటకు అందరికంటే ముందొచ్చి నిలబడింది ఆమే.

గాలిపటం లేవాలంటే ఒడ్డున ఒకరు దాన్ని పట్టుకుని, నేను సైగ చేయగానే వదలాలి. జబ్బు ముదరకముందు ఆ పని మామయ్యగారే చేసేవారు. నేను బొటనవేలు ఎత్తేదాన్ని. ఆయన వదిలేవారు కాదు. చొక్కా గాలికి ఉబ్బి కొట్టుకుంటుంటే, ఆ పెద్ద ఎర్ర రెక్కను రెండు చేతులా పట్టుకుని ముందు ఆకాశం చూసేవారు, తర్వాత నీళ్ళు, తర్వాత నా నడుము పట్టీకి తాళ్ళు తగిలించిన కొక్కెం. మళ్ళీ ఒకసారి ఆకాశం. అప్పుడు మెల్లగా వేళ్ళు విప్పేవారు. అది పైకి లేచిపోయాక కూడా ఆ రెండు చేతులూ దిగేవి కావు, కాసేపు అలాగే గాలిలో ఉండేవి.