జోడీ పరీక్షకు ముందు చదివిన పుస్తకం

రైన్ నది ఒడ్డున కూర్చుని పడవలు చూస్తుంటే మనసుకు హాయిగా ఉంటుందంటారు జర్మనీలోని కొలోన్‌లో మావాళ్లు. నాకు మాత్రం ఎవరితోనైనా వాదించాలనిపిస్తుంది. ఆ తప్పు నదిది కాదు. ఆ బెంచీ మీద నేనూ నా స్నేహితురాలూ ఒక వసంతకాలమంతా ఒకే పుస్తకం గురించి పోట్లాడుకున్నాం.

మా శనివారం జర్మన్ తరగతిలో టీచరమ్మ అందరికీ ఒక పల్చటి పుస్తకం పంచింది. అదొక పాత అమెరికా నవల. పారిపోతున్న నల్లజాతి బానిస, ఇల్లు వదిలి పారిపోయిన తెల్ల కుర్రాడు, వాళ్లిద్దరినీ మోసే ఒక తెప్ప. భాష నేర్చుకునేవాళ్ల కోసం దాన్ని చిన్న చిన్న వాక్యాల్లోకి కుదించారు. నేను డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చదివినదాన్ని. ఆ నవలని పూర్తిగా చదివాను; ఆ సంగతి తరగతిలో అందరికీ తెలిసేలా చూసుకున్నాను కూడా.

"ఇది నవల కాదు, ఎండబెట్టిన నవల" అన్నాను.

"ఒరుగులతోని గూడ కూరొండుకుంటరక్కా" అంది వెనక కుర్చీలోంచి ఒక కరీంనగర్ గొంతు. అప్పటికి మాకు పరిచయం లేదు. ఆ మాటతో అయింది.

నాకంటే పదేళ్లు చిన్నది. బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆమె మేనేజరు మన తెలుగాయనే. సెలవు అడిగినప్పుడల్లా "నీ వీసా మన కంపెనీ దయే కదమ్మా" అని నవ్వుతూ గుర్తుచేసేవాడు. బి-వన్ స్థాయి జర్మన్ పరీక్ష పాసైతే శాశ్వత నివాసం తొందరగా వస్తుంది, అది చేతికొస్తే ఆ నవ్వుముఖం మళ్లీ చూడక్కర్లేదు. భర్త వీసా మీద వచ్చిన నాకు తొందరేమీ లేదు. ఆమెకు మాత్రం ఆ పరీక్షే దారి.

మాట్లాడే పరీక్షకి ఇద్దరిద్దరు కూర్చోవాలి. ఏదో ఒక విషయం ఇస్తారు, ఇద్దరూ చర్చించి ఒక నిర్ణయానికి రావాలి. మార్కులు ఎవరివి వాళ్లకే. జోడీగా ఆమె నన్నే ఎంచుకుంది.

"ఈవిడ పక్కన కూర్చుంటే నీకు నోరు తెరిచే సందు దొరకదు" అని టీచరమ్మ నా ఎదుటే ఆమెను హెచ్చరించింది.

"తెల్సు మేడమ్. గాని ఈమెతోనైతే నాకు భయం గాదు" అందామె.

అలా బెంచీ మీద సాధన మొదలైంది. మొదట జర్మన్‌లో, వేడెక్కాక తెలుగులో.

"ఆ కుర్రాడిది స్నేహమెలా అవుతుందే? విసుగొస్తే వాడు ఇంటికి పోతాడు. దొరికితే రెండోవాణ్ని అమ్మేస్తారు. ఒకడికి సరదా, ఇంకొకడికి ప్రాణం" అన్నాను.

"వెతికేటోళ్లొచ్చి అడిగితే అబద్ధం చెప్పి కాపాడిండా లేదా? నాకు గదే స్నేహం."

"ఒక్క అబద్ధానికేనా?"

"మా ఆఫీసుల నా కోసం గా ఒక్కటి చెప్పెటోడు లేడక్కా."

దొరికిందే సందని నేను రెచ్చిపోయాను. మీ మేనేజరు కూడా ఆ బానిసల యజమానుల్లాంటివాడే అని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"వాళ్లను అమ్మిండ్రు, కొన్నరు. నాకు నెల తిరిగితే జీతమొస్తది. నా కష్టం నాది. వాళ్ల దాంట్ల కలపకు."

ఉపన్యాసం అక్కడే ఆపి పల్చటి పుస్తకం మళ్లీ తెరిచాను.

పల్చటి పుస్తకం ఆ బానిసకి విడుదల దొరకడంతో అయిపోయింది. "తర్వాత ఇద్దరు మళ్ల కలుస్తరా?" అని అడిగింది. అది పెద్ద పుస్తకంలోనూ లేదన్నాను. "గట్లెట్ల ముగిస్తరు?" అని రచయిత మీద చాలాసేపు కోపగించుకుంది.

పరీక్షలో మాకొచ్చిన విషయం, తరగతి వాళ్లంతా కలిసి ఒకరోజు ఎక్కడికి వెళ్లాలన్నది. పడవ మీద వెళదామని ఒక్క వాక్యం చెప్పి ఆమె ఆగిపోయింది. పరీక్షకుడు నా వైపు చూశాడు. పడవ ఎందుకు వద్దో చెప్పడానికి నా నాలిక చివర మంచి మంచి వాక్యాలు వరుసకట్టి ఉన్నాయి. మింగేశాను. "పడవే ఎందుకు?" అని మాత్రం అడిగి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఆమె నన్ను చూసింది. నేను మాట్లాడబోవడం లేదని నమ్మడానికి కాస్త సమయం పట్టింది.

"ఎందుకంటే పడవలోంచి మధ్యలో దిగిపోలేం. ఇష్టం లేనివాళ్లు కూడా చివరిదాకా మాట్లాడుకోవాలి" అంది, తప్పుల్లేని జర్మన్‌లో. పరీక్షకుడు నవ్వాడు. ఇక ఆమె ఆగలేదు.

బయటికొచ్చాక నా నుదురు పట్టి చూసింది. "ఏందక్కా, పానం బాగలేదా?"

ఆమెకు మంచి మార్కులొచ్చాయి. నేను అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ఆమెకు శాశ్వత నివాసం వచ్చింది, రాజీనామా ఇచ్చింది, దూరాన వోల్ఫ్స్‌బర్గ్ అనే ఊళ్లో కొత్త ఉద్యోగం దొరికింది. సామాను సర్దింది నేనే. ఆమె స్వేచ్ఛ కోసం అంత కష్టపడి నోరు మూసుకున్నదాన్ని, ఆ స్వేచ్ఛ ఆమెను మా ఊరి నుంచి రైలెక్కిస్తుందన్న సంగతి మాత్రం ఆలోచించుకోలేదు.

ఇప్పటికీ కొన్ని శనివారాలు ఆ బెంచీ దాకా వెళ్తాను. పక్కన కూర్చున్నవాళ్లు ఎవరూ నాతో వాదించరు. జర్మన్లు మర్యాదస్తులు.

మొన్న ఆమె ఫోన్ చేసింది. "ఇద్దరు మళ్ల కలుస్తరని పుస్తకంల రాయకుంటే ఏమాయె? వచ్చే శనివారం వస్తున్న" అంది.

"వచ్చి ఏం చేస్తావ్? ఆ కుర్రాడిది స్నేహం కాదనే అంటాను."

"అను. నాకు పొద్దంత టైమే."

పడవకి టికెట్లు తీశాను. దారిలో ఎక్కడా ఆగని పడవకి.