తోడికోడళ్ల సైకిళ్లు

కొత్తగూడెంలో నేను బడిలో లెక్కలు చెబుతాను. మా తోడికోడలు, నేను అక్కా అని పిలుస్తాను, ఇంట్లోనే కుట్టుమిషను నడుపుతుంది. ఏళ్లుగా ఒకే వంటింట్లో మసలుతున్నా కూరల గురించి తప్ప మేం పెద్దగా మాట్లాడుకున్నది లేదు.

భద్రాచలం దాటి, చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాటు ఎక్కాలని నాకు కోరిక. వెంట ఏ బండీ లేకుండా, తిండీ గుడారం సైకిలు మీదే మోసుకుని. ఓ సాయంత్రం ఇద్దరం బెండకాయలు తరుగుతుంటే ఆ మాట బయటపెట్టాను. అక్క కత్తిపీట దగ్గరే ఆగిపోయి, "నేనూ వస్తా," అంది. ఆమెకు సైకిలు తొక్కడం వచ్చని కూడా నాకు తెలియదు. మర్నాడే పాత టార్పాలిన్ కత్తిరించి, క్యారియర్‌కు రెండు పక్కలా వేలాడే సంచులు కుట్టడం మొదలుపెట్టింది.

గనిలో పనిచేసి రిటైరైన మామయ్యకు చెప్పడానికి ఇద్దరం జంకాం. ఆయన అంతా విని, వాకిట్లోకి పోయి నా సైకిలు చక్రంలో గాలి తీసేశాడు.

"అడవిల పంచరైతే ఎవడొస్తడు? నా ముందర ఏసి చూపియ్యండి."

టైరు విప్పడానికే వేళ్లు నొప్పిపుట్టాయి. ఆయన పక్కనే పీట వేసుకుని కూచున్నాడు గానీ చెయ్యి వెయ్యలేదు. రోజూ అదే పని. చివరికి అక్కే నాకంటే ముందు నేర్చుకుంది. ఆ సాయంత్రాలు తలుచుకుంటే ఇప్పటికీ మామయ్యకు దండం పెట్టాలనిపిస్తుంది.

తర్వాత బరువంతా కట్టుకుని పాల్వంచ వైపు పోయి చూశాం. చిన్న ఎత్తు దగ్గరే అక్క అరువు తెచ్చుకున్న సైకిలు ఒరిగి పడిపోయింది. మోచెయ్యి గీరుకుంది. రోడ్డు పక్కన కూచుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నా వల్ల నీ ప్రయాణం కూడా ఖరాబైతది. నువ్వొక్కదానివే పో."

"నువ్వు రాకపోతే నేనూ పోనక్కా," అన్నాను. అంతకుముందు దాకా ఆ సంగతి నాకే తెలియదు.

ఇంటికొచ్చి సంచులు కుమ్మరించాం. మామయ్య ఒక్కో వస్తువూ ఎత్తి చూపిస్తూ, "ఇది లేకుంటే ఏమైతది?" అని అడిగాడు. మేం నీళ్లు నమిలినవన్నీ పక్కకు పోయాయి. పల్లీపట్టీల డబ్బా మాత్రం అత్తమ్మ తీయనివ్వలేదు.

చలికాలంలో బయల్దేరాం. ఘాటు దాటాం గానీ, చాలా దూరం సైకిళ్లు నెట్టుకుంటూ నడిచే దాటాం. ఆ నడకలోనే అక్క ఎర్రుపాలెంలో తన పుట్టింటి గురించి, చిన్నప్పుడే పోయిన తల్లి గురించి చెప్పడం మొదలుపెట్టింది. కింద లోయలో మంచు ఇంకా విడలేదు. వింటూ నడిచాను. ఆ ఎత్తు తొందరగా అయిపోకూడదనిపించింది.