పెద్దనాన్న ఆవలింత పరీక్ష

మా పెద్దనాన్న కోర్టులో ప్రాసిక్యూటరు. ప్రభుత్వం తరఫున ఇరవై ఆరేళ్లు వాదించాడు. ఆఫీసు పెన్సిలు జేబులో ఉండిపోయిందని రెండు బస్సులు మారి వెనక్కి ఇచ్చి వచ్చిన మనిషి. ఫోను వస్తే 'ఇంట్లో లేనని చెప్పు' అనడం ఆయనకు చేతకాదు. తానే ఫోను తీసి, ఉన్నానని, కానీ మాట్లాడటం ఇష్టం లేదని చెప్పేవాడు.

ఇంత నిజాయితీపరుడికి ఒక్కటే పిచ్చి నమ్మకం. ఎదుటివాడు ఆవలిస్తే మనకూ ఆవలింత వస్తుంది కదా, మనసులో తప్పు దాచుకున్నవాడికి అది అంటదని ఆయన సిద్ధాంతం. అలాంటివాడు లోపల కాపలా కాస్తూ ఉంటాడట, కాపలావాడికి ఆవలింత రాదట. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం జడ్జి మొదలు బంట్రోతు దాకా కోర్టంతా వరసగా ఆవలించింది, బోనులో ఉన్న జేబుదొంగ తప్ప. సాయంత్రానికి వాడు నేరం ఒప్పుకున్నాడు. అంతే, ఒక్క కేసుతో సిద్ధాంతం తయారైపోయింది. ఆవలించిన దొంగలెందరో, ఆవలించని మంచివాళ్లెందరో లెక్క తీయాలి కదా అని నేనొకసారి అంటే, దొంగలు ఆవలించనప్పుడు ఇంక లెక్కేమిటమ్మా అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం. ఆయన నోరు తెరవడం చూస్తే చాలు, ఇంటిల్లిపాదీ ఆవలించేవాళ్లం. పెద్దమ్మ అయితే కూర కలుపుతూ, వెనక్కి తిరిగి చూడకుండానే ఆవలించేది. మా పాపకు ఆరో నెలలో పరీక్ష పెట్టాడు. పాప ఆవలించలేదు సరికదా, ఆయన నోట్లో పిడికిలి పెట్టబోయింది. నాకు భయం పట్టుకుంది. సిద్ధాంతం నమ్మి కాదు, పాపకు ఏదైనా లోపమేమోనని. డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తితే, నాలుగైదేళ్లు వచ్చేదాకా పిల్లలకు ఎదుటివాళ్ల ఆవలింత అంటుకోదని చెప్పింది. ఆ మాట పెద్దనాన్నకు చేరవేశాను. ఆయన శ్రద్ధగా విని, తల ఊపి, తన కళ్లజోడు డబ్బా పై అరలోకి మార్చాడు.

ఈ పరీక్షలు ఇంట్లో జరిగినంతకాలం నవ్వుకున్నాం. తాళాల మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగింది.

సంగీత పాఠశాల బీరువాలోంచి ఏడు వేణువులు పోయాయి. తాళం పగల్లేదు. ఆ బీరువాకు రెండు నెలల కిందట డూప్లికేట్ తాళంచెవి చేసిచ్చింది మా వీధి చివర ఉండే తాళాల మనిషి. ఆరడుగుల కొట్టు, ఒక ఆకురాయి, గోడ నిండా వేలాడే తాళంచెవులు, ముప్పై ఏళ్లుగా అదే అతని ప్రపంచం. పోలీసులు అనుమానం మీద అతన్ని పట్టుకుని పెద్దనాన్న గదికి తెచ్చారు. పెద్దనాన్న కుర్చీలో వెనక్కి వాలి మూడుసార్లు తీరిగ్గా ఆవలించాడు. కానిస్టేబులు ఆవలించాడు. టైపిస్టు ఆవలించింది. తాళాల మనిషి మాత్రం పెదవులు బిగించుకుని నిలబడ్డాడు.

నిందితుడు తన ఎదుట నేరం ఒప్పుకున్నాడని రాయమన్నాడు పెద్దనాన్న. టైపిస్టు చేతులు ఆగాయి.

"ఆయన అసలు ఏమీ మాట్లాడలేదు కదండీ."

"నోటితో చెప్తేనే చెప్పినట్టా? టైపు చెయ్యమ్మా."

ఆమె టైపు చేసింది. తాళాల మనిషి బతుకు ఆ ఒక్క వాక్యానికి వేలాడింది. శిక్ష సంగతి తర్వాత, దొంగ అనిపించుకున్నవాడి చేతిలో తాళంచెవి ఎవరు పెడతారు? బెయిలు మీద వచ్చిన రోజు నుంచే కొట్టు ఖాళీ అయింది. అతని భార్య గడపలో కూర్చుని తెలిసినవాళ్లను పలకరిస్తే, వాళ్లు తమ చెప్పులు చూసుకుంటూ దాటిపోయేవారు.

విచారణ రోజు పెద్దనాన్న టిఫిన్ డబ్బా మరిచిపోతే, పాపను ఎత్తుకుని ఇవ్వడానికి వెళ్లి వెనక బెంచీలో కూర్చుండిపోయాను. తాళాల మనిషి తరఫు లాయరు కొత్తగా ప్రాక్టీసు పెట్టిన అమ్మాయి. తన మనిషి ఆ మాట ఎప్పుడూ అనలేదని ఆమె చెప్పింది. ఏ మాటలతో ఒప్పుకున్నాడని జడ్జిగారు పెద్దనాన్నను అడిగారు. ఇంకొకరైతే ఏదో ఒకటి సర్దిచెప్పేవారు. పెద్దనాన్న సిద్ధాంతమంతా వివరించి, నమూనాకు ఒకసారి ఆవలించి చూపించాడు. ముందు వరస లాయర్లు ఆవలించారు. బంట్రోతు ఆవలించాడు. జడ్జిగారు ఫైలు అడ్డం పెట్టుకున్నారు గాని, ఫైలు చాల్లేదు. తాళాల మనిషి ఆవలించలేదు. చూశారుగా అన్నట్టు పెద్దనాన్న అతని వైపు చెయ్యి చాపాడు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్లను చూశాం గాని, ఆవలించకపోయినా లెక్కపెట్టేవాణ్ని ఇప్పుడే చూస్తున్నామని నా పక్కన ఎవరో గొణిగారు.

ఎందుకు ఆవలించవని జడ్జిగారు తాళాల మనిషినే అడిగారు.

"పని చేసేటప్పుడు తాళంలోని చిన్న స్ప్రింగులు పెదాల మధ్య పెట్టుకుంటానయ్యా. ఓసారి ఆవలించి రెండు మింగేశా. స్ప్రింగులు మింగే బదులు ఆవలింత మింగడం మేలని అప్పట్నుంచి అలవాటు చేసుకున్నా."

ఇది కావాలని ఇరికించడమేనని లాయరమ్మ వాదించింది. జడ్జిగారికి అక్కడే చిక్కొచ్చింది. ఇరికించడమంటే అబద్ధమని తెలిసి చేయాలి, ఈయన చూస్తే నిజమని ప్రమాణం చేసేలా ఉన్నారు.

"నన్ను మొక్క అని మనస్ఫూర్తిగా నమ్మి ఎవరైనా నెత్తిన బిందెడు నీళ్లు పోస్తే, నేను తడవనా సర్?" అంది ఆ అమ్మాయి.

తడుస్తారని, అయితే పోసినవాడు దుర్మార్గుడా వెర్రివాడా అన్నదే ప్రశ్న అని జడ్జిగారు అన్నారు. పెద్దనాన్న వైపు తిరిగారు.

"ఆవలించకపోతే నేరం ఒప్పుకున్నట్టేనని మీ నమ్మకం. సరే. మరి ఆవలించలేదనే రాయించొచ్చుగా? ఒప్పుకున్నాడని ఎందుకు రాయించారు?"

పెద్దనాన్న తాను రాయించిన కాగితం తీసి మళ్లీ చదువుకున్నాడు.

"అలా రాస్తే ఎవరూ నమ్మరు కదండీ" అన్నాడు.

తానేమన్నాడో అందరికన్నా ముందు ఆయనకే అర్థమైనట్టుంది, మెల్లగా కూర్చుండిపోయాడు. నమ్మినంతవరకు అది వెర్రి, నమ్మరని తెలిసి దాచిన దగ్గర్నుంచి ఇరికించడమే అని జడ్జిగారు రాయించి, తాళాల మనిషిని వదిలేశారు. వేణువులు తర్వాతి వారం వాయిద్యాలు బాగుచేసేవాడి ఇంట్లో దొరికాయి. సంగీత పాఠశాల పాత మాస్టారు రిపేరుకిచ్చి, ఎవరికీ చెప్పకుండా ఊరు మారిపోయాడట. పైవాళ్లు పెద్దనాన్నను రికార్డుల గదికి మార్చారు.

రెండు రోజులు ఆయన సరిగా అన్నం తినలేదు. తన మీద తానే ఛార్జిషీటు రాసుకుని, కోర్టులో దాన్ని ఎవరు వాదించాలన్న దగ్గర ఆగిపోయాడు. పెద్దమ్మ ఆ కాగితం లాగేసుకుంది.

"కాగితాలు రాసింది చాలు. నిర్దోషి అన్నా అతని కొట్టుకు ఈగ కూడా వాలట్లేదు. ఆ సంగతి చూడండి."

మర్నాడు పొద్దున పెద్దనాన్న నల్లకోటు తొడుక్కుని వీధి మధ్యలో నడిచి తాళాల మనిషి కొట్టుకు వెళ్లి, మా వీధి తలుపు తాళంచెవి అందరికీ కనిపించేలా ఎత్తి పట్టుకుని, దీనికి డూప్లికేట్ కావాలన్నాడు. ఆ మర్నాడు ఇంకోటి. వారం తిరిగేసరికి పక్కింటివాళ్లు వెళ్లారు, ఆ తర్వాత సంగీత పాఠశాల వాళ్లే బీరువా తాళం పట్టుకొచ్చారు. పెద్దనాన్న మాత్రం ఆగలేదు. ఒక్క తలుపుకు పద్నాలుగు తాళంచెవులయ్యాయి, వాటిని పాప నోటికి అందకుండా దాచడంతోనే నాకు తెల్లారిపోతోంది.

పదిహేనోదానికి వెళ్లినప్పుడు తాళాల మనిషి ఆకురాయి కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు.

"ఇంక చాలు సార్. ఒక్క తలుపుకి ఇన్ని తాళంచెవులు చేసిచ్చానంటే, రేపు మీ ఇంట్లో చెంచా పోయినా మళ్లీ నన్నే పట్టుకుంటారు."